ఆడిట్‌కి కావాల్సింది ధైర్యం కాదు, కాటా చీటీ

గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డులోకి వెళ్లినా, తన సరుకు గురించి చెప్పడానికి యజమానికి పుస్తకం అక్కర్లేదు. ఏ యాంగిల్ ఎప్పుడు దిగింది, లారీ కిరాయి ఎంతకు తెగింది, కటింగులో తుక్కు ఎంత పోయింది, ఎవరి దగ్గర ఎంత బాకీ నిలిచిపోయింది, అన్నీ నోటికి వచ్చు. కొత్తలో ఆ జ్ఞాపకశక్తే ఆయన్ని నిలబెట్టింది. కానీ ఎవరైనా వచ్చి ‘మూడేళ్ల కిందట జూన్‌లో బ్యాంకులో పడ్డ ఈ నాలుగు లక్షలు ఎక్కడివండీ?’ అని అడిగితే మాత్రం ఒక్క ముక్కా గుర్తుకు రాదు. ఇక అక్కడి నుంచి గుమస్తా మీద కేకలు, ఇంట్లో వాళ్ల మీద విసుగు, రాత్రంతా జాగారం.

ఇదంతా పన్ను ఎగ్గొట్టినవాడి భయం అని బయటివాళ్లు అనుకుంటారు. నేను చూసిన చిన్న వ్యాపారుల్లో ఎగ్గొట్టినవాళ్ల కంటే మరచిపోయినవాళ్లే ఎక్కువ. తప్పు చేసినవాడికి తానేం చేశాడో తెలుసు కాబట్టి ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంటాడు. మరచిపోయినవాడికి ఆ సౌకర్యం కూడా లేదు. ఆడిట్‌కి సిద్ధం కావడమంటే వ్యాపారాన్ని బుర్రలోంచి కాగితం మీదికి దించుకోవడమే. లెక్కలు వచ్చినా రాకపోయినా, అలవాటు కుదిరితే చాలు. వ్యక్తిత్వ వికాసం శీర్షిక కింద పన్నుల మాట ఎత్తడానికి కారణం ఇదే.

ముందు ఏ ఆడిట్టో తేల్చుకోండి. ఆ మాట వినగానే జీపు దిగుతున్న అధికారులు కళ్లముందు మెదులుతారు గానీ, ఆదాయపు పన్ను చట్టం చెప్పే ట్యాక్స్ ఆడిట్‌లో అసలు అధికారే ఉండడు. మీరు పెట్టుకున్న చార్టర్డ్ అకౌంటెంటే మీ పుస్తకాలు చూసి నివేదిక ఇస్తారు. వ్యాపారం టర్నోవరు కోటి దాటితే ఇది చేయించాలి. నగదు రాబడి, నగదు చెల్లింపులు దేనికదే 5 శాతానికి మించకపోతే ఆ హద్దు 10 కోట్ల దాకా పెరుగుతుంది. పది వరకూ లారీలున్న యజమాని బండి బరువును బట్టి నెలకింతని చట్టం కట్టిన అంచనా లాభాన్ని ఒప్పుకుంటే ఈ బాధే లేదు. పెద్ద బండికి టన్నుకి నెలకు 1,000 రూపాయలు లెక్క. అంతకంటే తక్కువ లాభం వచ్చిందంటే మాత్రం పుస్తకాలు చూపించాలి, ఆడిట్ చేయించాలి. పోర్టు రోడ్డులో లారీలు తిప్పేవాళ్లలో ఈ చివరి షరతు తెలియనివాళ్లు చాలామందే ఉన్నారు.

జీఎస్టీ ఆడిట్ వేరు. చార్టర్డ్ అకౌంటెంటుతో చేయించే పాత జీఎస్టీ ఆడిట్‌ను 2021 ఆగస్టు 1 నుంచి తీసేశారు. ఇప్పుడున్నది శాఖ వాళ్లే చేసేది. కనీసం 15 పనిదినాల ముందు నోటీసు ఇచ్చి మీ షెడ్డుకు రావచ్చు, లేదా పుస్తకాలు తమ ఆఫీసుకి తెమ్మనవచ్చు. మొదలుపెట్టాక మూడు నెలల్లో ముగించాలి. కమిషనరు అనుమతిస్తే మరో ఆరు నెలలు. పోర్టు ఏరియాలోని జీఎస్టీ భవన్ నుంచి కవరు వస్తే ప్రళయం వచ్చినట్టు కాదు. చాలాసార్లు అది మీ రిటర్నుల్లో రెండు అంకెలు ఒకదానితో ఒకటి కలవలేదని చెప్పే కాగితం.

విశాఖ వ్యాపారులు తప్పకుండా తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. మెరిలిన్ షిప్పింగ్ అండ్ ట్రాన్స్‌పోర్ట్స్ అనే సంస్థ చేసిన చెల్లింపుల మీద టీడీఎస్ కోయలేదని ఆదాయపు పన్ను శాఖ ఆ ఖర్చును ఒప్పుకోలేదు. వివాదం విశాఖపట్నం అప్పీలు ట్రైబ్యునల్ ప్రత్యేక ధర్మాసనం ముందుకు వచ్చింది. ఏడాది చివరికి ఇంకా చెల్లించకుండా మిగిలిన మొత్తానికే ఆ నిబంధన వర్తిస్తుంది, అప్పటికే చెల్లించేసిన దానికి కాదు అని 2012 మార్చిలో మెజారిటీ తీర్పు వెలువడింది. దేశమంతా ట్రాన్స్‌పోర్టు వాళ్లు, కాంట్రాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు. మన ఊరి పేరు పన్నుల పుస్తకాల్లోకి ఎక్కింది. ఏడాది తిరిగేసరికి కలకత్తా, గుజరాత్ హైకోర్టులు కాదన్నాయి. అలహాబాద్ హైకోర్టు ఔనంది. చివరికి 2017 మేలో పాలం గ్యాస్ సర్వీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, చెల్లించినా చెల్లించకపోయినా టీడీఎస్ కోయాల్సిందేనని. ఆ కేసులో గొడవంతా దాదాపు 21 లక్షల లారీ కిరాయి గురించి.

వ్యక్తులకిచ్చే కాంట్రాక్టు చెల్లింపుల మీద ఇప్పటి టీడీఎస్ రేటు ఒక శాతం. 21 లక్షలకి 21 వేలు. అది కోసి కట్టడం బద్ధకమైతే తర్వాత అయ్యే వకీలు ఫీజు మీరే ఊహించుకోండి. 2014 చట్ట సవరణ తర్వాత ఇలాంటి ఖర్చులో 30 శాతమే కొట్టేస్తున్నారు, పూర్తిగా కాదు. అయినా తక్కువేం కాదు. పది లారీలు దాటని యజమాని తన పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే అసలు టీడీఎస్సే అక్కర్లేదు. ఒక పేజీ కాగితం అది. ఆ యజమాని మొదటి ట్రిప్పుకి వచ్చినప్పుడు డబ్బు కోసం మీ దగ్గరే నిలబడి ఉంటాడు కదా, అప్పుడే సంతకం తీసుకోండి. రెండేళ్ల తర్వాత ఆయన ఏ పారాదీప్‌లోనో ఉంటాడు.

పని జరిగిన నిమిషంలో తీసుకుంటే కాగితానికి ఏ ఖర్చూ ఉండదు. తర్వాత తీసుకోబోతే అది దొరకదు, లేదా దొంగ కాగితమవుతుంది. దొంగ కాగితం ఎలా ఉంటుందో చూడాలంటే మార్చి 31న తయారైన కూలీ ఓచర్ల కట్ట విప్పండి. నలభై ఓచర్లు, నలభై పేర్లు, ఒకే నీలం బాల్ పాయింటు, ఒకే చేతిరాత. ‘రాములు’ అన్న పేరు కింద వేలిముద్ర, మళ్లీ ఆగస్టులో అదే రాములు చక్కగా సంతకం పెట్టాడు. గుమస్తాని అడిగితే, ‘ఏటండి బాబూ, ఆళ్లందరూ ఎక్కడ దొరుకుతారు, అన్నీ నేనే రాసీసినాను’ అంటాడు. పాపం, అబద్ధమాడాలని కాదు, యజమాని చెప్పిన పని ముగించాలని. డబ్బు నిజంగానే కళాసీలకి ముట్టింది. కానీ ఆ కట్ట చూసిన ఆడిటరు ఇక మిగతా పుస్తకాల్ని కూడా నమ్మడు. నిజమైన ఖర్చుకి అబద్ధపు రుజువు తయారు చేసుకోవడం కంటే తెలివితక్కువ పని వ్యాపారంలో ఇంకోటి లేదు.

మేస్త్రి చేతిలో ఒకేసారి 18,000 నగదు పెట్టడం మన దగ్గర మామూలు. ఒక మనిషికి ఒకరోజులో 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చును చట్టం లెక్కలోకి తీసుకోదు. లారీ కిరాయికైతే ఆ హద్దు 35,000. మేస్త్రికి బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపండి. లేదంటే కళాసీలకి ఎవరి కూలీ వాళ్లకిచ్చి, హాజరు పట్టీ మీద ఆ సాయంత్రమే సంతకాలు పెట్టించండి. ఫిషింగ్ హార్బరులో చేప పట్టినవాడికే నేరుగా ఇచ్చే డబ్బుకి మినహాయింపు ఉంది. మధ్యలో కమీషను ఏజెంటుకి ఇచ్చే నగదుకి ఆ ధీమా పెట్టుకోవద్దు.

ఇక కాటా చీటీ. ఉక్కు వ్యాపారంలో దీన్ని మించిన సాక్షి లేదు. ఇన్‌వాయిస్‌లో 9,860 కిలోలు ఉంది, మీ దగ్గరి వేబ్రిడ్జి చీటీలో 9,740 వచ్చింది అనుకుందాం. 120 కిలోల తేడా. ఆ పూట అందరికీ కారణం తెలుసు. సరఫరాదారు దగ్గర నిండు బండి తూచినప్పుడు డ్రైవరు, క్లీనరు క్యాబిన్లో కూర్చునే ఉన్నారు, ఖాళీ బండి తూచినప్పుడు టీకి దిగారు. డ్రైవరే నవ్వుతూ చెప్పాడు. మూడేళ్ల తర్వాత అది ఎవరికీ గుర్తుండదు. 120 కిలోలు బిల్లు లేకుండా అమ్మేశారా అనే ప్రశ్న మాత్రం మిగులుతుంది. కాబట్టి చీటీ వెనకాల అప్పుడే ఒక వాక్యం రాయండి: ‘తేడా 120 కిలోలు, మనుషుల బరువు, సరఫరాదారుకి ఫోన్ చేశాం, క్రెడిట్ నోట్ అడిగాం.’ కింద తేదీ, పొడి సంతకం. అర నిమిషం పని.

ఇంకో సంగతి. వేబ్రిడ్జి చీటీల్లో చాలావరకు థర్మల్ కాగితం మీద వచ్చేవే. మన సముద్రపు ఉక్కకీ, రేకుల షెడ్డు వేడికీ ఏడాది తిరక్కుండానే అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. ఫైలు భద్రంగా ఉంటుంది, అందులో ఏమీ ఉండదు. చీటీ చేతికి రాగానే ఫోనుతో ఫొటో తీసి, ఆ రోజు తేదీతో ఉన్న ఫోల్డరులో పడేయండి. వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు జీఎస్టీ రికార్డులు ఉంచాలి. 2023-24 లెక్కలకి గడువు 2024 డిసెంబరు 31, అంటే 2030 డిసెంబరు 31 దాకా అవి మీ దగ్గర ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీదికి వచ్చినప్పుడు రేకులు లేచిపోయాయి, బీరువాల్లోకి నీళ్లు దూరాయి. తుపానుల తీరంలో వ్యాపారం చేస్తూ ఒక్క ప్రతితో బతకడం సాహసం కూడా కాదు, నిర్లక్ష్యం. ఒక నకలు క్లౌడ్‌లో, ఒక హార్డ్ డిస్కు ఇంట్లో ఉంచండి. షెడ్డులో ఉన్న బీరువా మూడో వరసలోకే వస్తుంది.

తుక్కు దగ్గర మన యజమానులకి ఒక ఆచారం ఉంది. కటింగు ముక్కలు అమ్మిన డబ్బు పుస్తకంలోకి ఎక్కదు. పనివాళ్ల టీలకి, సెప్టెంబరులో విశ్వకర్మ పూజకి, ఊళ్లో చందాలకి పోతుంది. మనసు మంచిదే. కానీ కొన్నది వంద టన్నులు, తయారై వెళ్లింది తొంభై అయిదు అయినప్పుడు మిగతా అయిదూ ఎటు పోయాయన్నది ఏ అధికారికైనా మొదట తట్టే ప్రశ్న. తుక్కు అమ్మకం కూడా అమ్మకమే, దానికీ బిల్లు ఉండాలి. పైగా 2024 అక్టోబరు 10 నుంచి లోహపు తుక్కు మీద చూపు ఇంకా పదునెక్కింది. రిజిస్ట్రేషను లేనివాడి దగ్గర కొంటే పన్ను కొన్నవాడే కట్టాలి, రిజిస్ట్రేషను ఉన్నవాళ్ల మధ్య రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుల్లో కొన్నవాడు 2 శాతం కోసి కట్టాలి. అంటే మీరు రాయకపోయినా మీ తుక్కు కొన్నవాడు రాస్తాడు. బిల్లు వేయండి, పన్ను కట్టండి, ఆ మిగిలిన డబ్బుతో పూజ ఘనంగా చేయండి. అదీ ఖర్చు పద్దులో రాయండి.

నాలుగు లక్షల దగ్గరికి మళ్లీ వద్దాం. చిన్న వ్యాపారి బ్యాంకు పాసుబుక్కులో ఇలాంటి తెలియని జమలు ఎక్కడివో వెతికితే, సాధారణంగా బావమరిది ఇచ్చిన చేబదులో, ఇంటావిడ నగలు తాకట్టు పెట్టి తెచ్చిందో బయటపడుతుంది. పెద్ద కర్మాగారం నుంచి రావాల్సిన బిల్లు నెలల తరబడి ఆగిపోయి, జీఎస్టీ మాత్రం ఇన్‌వాయిస్ వేసిన నెలకే కట్టాల్సి వచ్చినప్పుడు వ్యాపారి ఇంకేం చేస్తాడు? ఇంట్లోంచి తెస్తాడు. తప్పు లేదు. నగదుగా తేవడం మాత్రం తప్పు. అప్పు 20,000 గానీ అంతకుమించి గానీ అయితే తీసుకోవడం, తీర్చడం రెండూ బ్యాంకు ద్వారానే జరగాలి. బావమరిదైనా సరే. ‘మనలో మనకి కాగితాలేంటి బావా’ అని ఆయన అంటాడు. ఆ మొహమాటం దగ్గరే చాలామంది జారిపోతారు. ‘కాగితం నీకోసం కాదు బావా, ఆడిటరు కోసం’ అనేయండి, నవ్వుకుని సంతకం పెడతాడు.

దుకాణం డబ్బు, ఇంటి డబ్బు ఒకే జేబులో ఉన్నంతకాలం మీకు వ్యాపారం లాభంలో ఉందో లేదో నిజంగా తెలియదు. నెలకింతని ఇంటికి తీసుకుని సొంత వాడకం పద్దులో రాసుకోండి. దీనివల్ల ఆడిట్‌ పని సులువవడం చిన్న ప్రయోజనమే. తన కష్టానికి తానెంత తీసుకుంటున్నాడో మొదటిసారి చూసుకున్న యజమాని రేట్లు సవరించుకోవడం నేను గమనించాను.

నోటీసు వచ్చిన రోజు సంగతి. చదవకముందే పదిమందికి ఫోన్ చేయకండి. తెలిసినవాళ్లు ధైర్యం చెప్పరు, తమ బావగారి కథ చెబుతారు. ఏ సంవత్సరం, ఏ సెక్షను, ఏ తేదీలోగా, ఏం అడిగారు అన్న నాలుగూ ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. కేంద్ర అధికారి పంపిందైతే దాని మీద డిన్ (పత్రం గుర్తింపు నంబరు), లేదా పోర్టల్ ద్వారా వచ్చిందైతే రిఫరెన్స్ నంబరు ఉండాలి. అది అసలుదో కాదో శాఖ వెబ్‌సైటులోనే చూసుకోవచ్చు, ఎందుకంటే నకిలీ నోటీసులు చూపి బెదిరించేవాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాతే ఆడిటరు గారికి ఫోన్.

ఎదురుగా కూర్చున్నప్పుడు అడిగినదానికే జవాబు చెప్పండి. మన ప్రాంతంలో కలుపుగోలుతనం ఎక్కువ. నిశ్శబ్దాన్ని భరించలేక ఏదో ఒకటి మాట్లాడేస్తాం, అధికారి అడగని రెండో గోడౌను గురించి మనమే చెప్పేస్తాం. దాచమని నా ఉద్దేశం కాదు. ఆ గోడౌను రిజిస్ట్రేషన్‌లో చేరి ఉంటే చెప్పినా ఇబ్బంది లేదు, చేరకపోతే ఆడిట్‌కి ముందే చేర్చాల్సింది. తెలియనిది అడిగితే ‘చూసి రేపు రాతపూర్వకంగా ఇస్తానండి’ అనండి. ఆ మాటకి ఎవరూ జరిమానా వేయరు. అక్కడికక్కడ ఊహించి చెప్పిన జవాబు మాత్రం వాంగ్మూలమై కూర్చుంటుంది. ఇచ్చిన ప్రతి కాగితానికి రసీదు తీసుకోండి. గొంతు పెంచకండి, అతివినయమూ వద్దు. ఎదుటివారూ ఉద్యోగం చేస్తున్నారు, వాళ్ల పైన కూడా ఒక ఆడిట్ ఉంది.

నిజంగానే పన్ను తక్కువ కట్టినట్టు తేలిందా? జీఎస్టీలో మోసం ఆరోపణ లేని మామూలు పొరపాట్లకి షోకాజ్ నోటీసుకి ముందే పన్ను, 18 శాతం వడ్డీతో కట్టేస్తే సాధారణంగా జరిమానా ఉండదు. పౌరుషానికి పోయి పోరాడాల్సిన కేసులు వేరే ఉంటాయి. ఆదాయపు పన్ను వివాదమైతే ఇదే ఊళ్లో ట్రైబ్యునల్ ఉంది, మెరిలిన్ లాగా వెళ్లవచ్చు. లెక్క తప్పిందని మీకే తెలిసిన చోట పంతం పట్టడం వడ్డీ పెంచుకోవడమే.

గడువుల గురించి ఒక్క మాట. 2025లో ట్యాక్స్ ఆడిట్ నివేదికల గడువు సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 31కి, అక్కణ్నుంచి నవంబరు 10కి పోయింది. అది చూసి ‘ఎలాగూ పెంచుతారు’ అనుకోవడం మొదలైంది. ద్వారకానగర్‌లో ఏ ఆడిటరు ఆఫీసుకైనా చివరి వారంలో వెళ్లి చూడండి, మీ ఫైలుకి ఎంత శ్రద్ధ దక్కుతుందో అర్థమవుతుంది. ఏప్రిల్‌లో ఇచ్చిన ఫైలు చదువుతారు, సెప్టెంబరులో ఇచ్చింది ఎక్కిస్తారు. పైగా 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి, ‘అసెస్‌మెంట్ ఇయర్’ పోయి ‘ట్యాక్స్ ఇయర్’ వచ్చింది. 2025-26 లెక్కలు మాత్రం ఇంకా పాత చట్టం కిందే. ఈ రెండూ కలగలిసే కాలంలో మీ ఆడిటరుకి టైము ఇవ్వడం మీకే మంచిది.

చివరగా, ఇప్పుడే చేయగల పని ఒకటి. జీఎస్టీ పోర్టల్‌లో మీ రిజిస్ట్రేషన్ తెరిచి ఫోను నంబరు, ఈమెయిలు ఎవరివో చూడండి. చాలా షెడ్లకి అవి మూడేళ్ల కిందట మానేసిన అకౌంటెంటువి. నోటీసు పోర్టల్‌లో పెడితే మీకు అందినట్టే లెక్క. ‘అదనపు నోటీసులు, ఉత్తర్వులు’ అనే మూలన అది పడి ఉంటుంది, పదిహేను పనిదినాలూ గడిచిపోతాయి, మీరు మాత్రం కాటా దగ్గర నిలబడి లారీ దింపించుకుంటూ ఉంటారు. నంబరు మార్పించండి, పాస్‌వర్డు మీ దగ్గర పెట్టుకోండి, సోమవారం సోమవారం పొద్దున ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. ఆ పని గుమస్తాకి అప్పజెప్పకండి.